‘సగం మోకాలు మారిస్తే ఎముక పగులుతుందట, నిజమేనా?’

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మకి 64 ఏళ్ళు. మనిషి పొట్టి, నాలుగడుగుల పది అంగుళాలు. బరువు 47 కిలోలు. ముప్ఫై ఏళ్ళపాటు సార్వాకీ దాళ్వాకీ నాట్లకి వెళ్ళింది. నాలుగేళ్ళుగా ఎడమ మోకాలు లోపలి పక్క నొప్పి. రాజమండ్రిలో చూపిస్తే అరుగుదల ఒక పక్కే ఉంది, మోకాలు మొత్తం అక్కర్లేదు, సగం మారిస్తే చాలన్నారు. అమ్మ సరేనంది. ఇంతలో భీమవరంలో ఉండే మా పెద్దమ్మ తోడికోడలికి ఇదే ఆపరేషన్ అయిన నెలకి మోకాలి కింద ఎముక పగిలిందని తెలిసింది. అప్పటినుంచి అమ్మ “ఇలాగే కుంటుకుంటా ఉంటాను, నన్నొదిలేయండి” అంటోంది. తమ్ముడేమో మొత్తం మార్పించేద్దాం, పీడా పోతుంది అంటున్నాడు. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ గారిచ్చే చిన్న తెల్ల మాత్రలు అమ్మ రెండేళ్ళ నుంచి వేసుకుంటోంది. ఏం చెయ్యమంటారు? మళ్ళీ నాట్లకి వెళ్ళొచ్చా అని కూడా అమ్మ అడగమంది.
– ఒక కూతురు

జవాబు: అమ్మా, ఉత్తరం చివర్లో మాటవరసకి రాసిన ఆ తెల్ల మాత్రల దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. ముందు వాటి సంగతి తేల్చుకోండి. పొట్లం కట్టి విడిగా ఇచ్చే, వేసుకున్న పూటే నొప్పి లాగేసే చిన్న మాత్రలు చాలాసార్లు స్టెరాయిడ్లే అయి ఉంటాయి. నొప్పి తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, మనిషి హుషారుగా ఉంటుంది. నెలల తరబడి రోజూ వాడితే మాత్రం ఎముకని లోపల్నుంచి గుల్ల చేస్తాయి. ఆర్‌ఎంపీ గారితో గొడవేం పెట్టుకోకండి, మాత్ర పేరు కాగితం మీద రాయించుకోండి. అవి స్టెరాయిడ్లే అయితే, నా జవాబు చదివి రేపటినుంచే మాన్పించెయ్యకండి. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలి. ఆపరేషన్ చేసే సర్జన్‌కీ, మత్తు డాక్టరుకీ కూడా ఈ మాట తప్పకుండా చెప్పాలి.

ఇక అమ్మ భయం. ఎముక పగలడం నిజమే, కాకపోతే అరుదు. చాలా ఆసుపత్రుల లెక్కల్లో నూటికి ఒకరు, లేదా అంతకన్నా తక్కువ. కానీ పొట్టిగా సన్నగా ఉండే ఆడవాళ్ళలో ఈ ప్రమాదం కొంచెం ఎక్కువ. జపాన్, కొరియా సర్జన్లు దీని గురించి చాలా రాశారు. అక్కడి ఆడవాళ్ళ ఎముకలూ మనవాళ్ళవి లాగే చిన్నవి. కాబట్టి మీ అమ్మతో “ఏం కాదులే” అని నేను అనను. ఆవిడ భయానికి కారణం ఉంది.

ఎందుకు పగులుతుందో చెప్తాను. మా నాన్నగారు అంబాజీపేటలో వడ్రంగం చేసేవారు. ద్వారబంధానికి మూల కోసేటప్పుడు నిలువు కోత, అడ్డ కోత కలిసే చోట రంపం ఆపేసి, చివరి పొర ఉలితో తీసేవారు. గీత దాటి రంపం దిగితే, ఆ రోజుకి ఏమీ కనపడదు. తలుపు బిగించాక, బరువు పడ్డాక, సరిగ్గా ఆ మూల నుంచే చెక్క చీలుతుంది. సగం మోకాలు ఆపరేషన్‌లో మేం చేసేది అచ్చం ఆ పనే. మోకాలి కింద ఉన్న పెద్ద ఎముక తలలో లోపలి పక్క సగాన్ని నిలువుగా ఒక కోత, అడ్డంగా ఒక కోత పెట్టి కొద్ది మిల్లీమీటర్ల మందాన తీసేస్తాం. అక్కడ ఒక సన్నని గాడి చేసి, లోహపు పలకని అందులో దిగేలా సుత్తితో తట్టి కూర్చోబెడతాం. నిలువు కోత వెనకవైపు లోతుగా దిగినా, కొలత పట్టీ నిలబెట్టడానికి ఎక్కువ పిన్నులు కొట్టి ఎక్కువ బెజ్జాలు చేసినా, గాడి తీస్తూ వెనక గోడని తగిలినా, సుత్తి దెబ్బ గట్టిగా పడినా అక్కడో బలహీనత మిగులుతుంది. కోత ఎంత కిందికి వెళ్తే ఎముక అంత మెత్తగా, సన్నగా ఉంటుంది. పెద్ద ఎముకైతే ఇవన్నీ తట్టుకుంటుంది. నాలుగడుగుల పది అంగుళాల మనిషి ఎముకలో తప్పు కాయడానికి చోటుండదు.

ఇంకొకటి. పలకని సిమెంటుతో అంటించే రకం ఉంది, సిమెంటు లేకుండా గాడిలో బిగుతుగా దించే రకం ఉంది. బిగుతు రకం కాస్త మేకు కొట్టినట్టే ఉంటుంది కనక, చిన్న ఎముకల్లో పగుళ్ళు దానిలో ఎక్కువగా కనిపించాయి. మీ అమ్మకి ఏది వేస్తారో అడగండి. నేనైతే ఆవిడ లాంటి మనిషికి సిమెంటు రకమే ఎంచుకుంటాను.

పగులు కొన్నిసార్లు టేబుల్ మీదే పడుతుంది. ఎక్కువగా మాత్రం ఇంటికెళ్ళాక, మొదటి మూడు నెలల్లో బయటపడుతుంది. నా చేతి కేసే ఒకటి చెప్తాను. పదకొండేళ్ళ క్రితం, అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఆవిడ. ఆపరేషన్ బాగా జరిగింది, మూడో వారానికి కర్ర కూడా వదిలేసింది. ఐదో వారంలో కాలవ రేవులో నాచు పట్టిన మెట్టు మీద కాలు జారి, పడకుండా ఆ కాలి మీదే మొత్తం బరువు ఆపుకుంది. లోపల టక్కుమని వినపడిందట. ఇంట్లోవాళ్ళు బెణికిందనుకుని పది రోజులు ఆముదంతో మర్దనా చేయించారు. నా దగ్గరికి వచ్చేసరికి కాలు లోపలికి వంగిపోయింది. పలక కింద ఎముక ముక్క జరిగి కూర్చుంది. మళ్ళీ తెరిచి ప్లేటు, స్క్రూలు వెయ్యాల్సొచ్చింది. ఆవిడ కోలుకుంది గానీ ఆరు నెలలు పట్టింది. ఆ రేవు సంగతి నేను ముందే అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఆ తర్వాత ఏ పేషెంటునీ ఇంటి గుమ్మం ఎంత ఎత్తు, బాత్రూమ్ ఎక్కడ, నీళ్ళకి ఎటు వెళ్తారు అని అడక్కుండా పంపలేదు.

కాబట్టి ఇంటికొచ్చాక ఇది గుర్తుంచుకోండి. బాగా తగ్గుతూ వచ్చిన మోకాలు ఉన్నట్టుండి, ముఖ్యంగా కాలు కింద ఆనించినప్పుడు, మోకాలికి కాస్త కింద లోపలి పక్క పోటు పెడితే మర్దనా వద్దు, ఎక్సర్‌సైజు వద్దు. బరువు వెయ్యకుండా వాకర్‌తో ఆ రోజే వెళ్ళి ఎక్స్‌రే తీయించండి. మొదటి ఎక్స్‌రేలో సన్న పగులు కనపడకపోవచ్చు. నొప్పి పోకపోతే మళ్ళీ తీయించాలి, అవసరమైతే సీటీ. ముక్క జరగకముందే పట్టుకుంటే చాలామందికి బ్రేస్ పెట్టి, కాలిమీద బరువు తగ్గించి నయం చెయ్యొచ్చు. జరిగితే ప్లేటు కావాలి, కొందరికి మోకాలు మొత్తం మార్చాల్సి వస్తుంది.

ఆపరేషన్‌కి తేదీ తీసుకునే ముందు ఎముక ఎలా ఉందో చూడండి. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించండి. టి-స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకన్నా కింద గానీ ఉంటే ఎముక గుల్లబారినట్టు. అలా వస్తే కంగారు పడకండి, ముందు దానికి మందు మొదలుపెట్టించండి. మోకాలి నొప్పికి ఆపరేషన్ కొన్నాళ్ళు ఆగొచ్చు. విటమిన్ డి రక్త పరీక్ష కూడా చేయించండి. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు వారానికొకటి డాక్టరు చెప్పినన్ని వారాలే వాడాలి, బాగుంది కదా అని నెలల తరబడి వాడకూడదు. చోళ్ళ (రాగుల) అంబలి రోజూ తాగించండి. వంద గ్రాముల చోళ్ళలో మూడొందల మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది.

తమ్ముడి మాటకి వస్తే, మొత్తం మార్పిడిలో ఈ రకం పగులు తక్కువే. ఎముక తల అంతా సమంగా కోస్తాం, పలకకి మధ్యలో కాండం దిగుతుంది. కానీ అది పెద్ద ఆపరేషన్. రక్తం పోవడం ఎక్కువ, కోలుకోవడం ఆలస్యం, మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే సొంత ముందు లిగమెంటు సాధారణంగా పోతుంది. సగం మార్పిడిలో నడక మరింత సొంత మోకాలిలా ఉంటుంది. దానికీ ఒక లోపం ఉంది, ఏళ్ళు గడిచాక మళ్ళీ ఆపరేషన్ అవసరపడేవాళ్ళు సగం మార్పిడిలోనే ఎక్కువ. ఇది కొత్తగా వచ్చిన ప్రయోగం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో గుడ్‌ఫెలో అనే సర్జన్, ఓకానర్ అనే ఇంజనీరు కలిసి తయారుచేసిన మోకాలిని ఒక పక్క అరుగుదలకి 1982 నుంచి వాడుతున్నారు. అరుగుదల నిజంగా ఒక పక్కే ఉండి, ముందు లిగమెంటు గట్టిగా ఉంటే మీ అమ్మకి సగమే సరైనదని నా అభిప్రాయం. పగులు భయంతో మంచి సగం తీయించెయ్యొద్దు.

సర్జన్ గారిని అడగడానికి మొహమాటపడకండి. సగం మోకాళ్ళు ఏడాదికి ఎన్ని చేస్తారని అడగండి. బ్రిటన్‌లో కీళ్ళ మార్పిడి ఆపరేషన్లన్నీ నమోదు చేసే రిజిస్ట్రీ లెక్కల్లో ఏడాదికి పది కూడా చెయ్యని సర్జన్ల దగ్గర మళ్ళీ ఆపరేషన్లు ఎక్కువ పడ్డాయి. అమ్మ ఎముకకి సరిపడే చిన్న సైజు పలక దొరుకుతుందా, వాకర్ ఎన్ని వారాలు వాడాలి అని కూడా అడగండి. సాధారణంగా మర్నాడే నడిపిస్తారు. ఎముక మెత్తగా ఉంటే కర్ర వదలడానికి తొందరేం లేదు. ముసురు రోజుల్లో కాకుండా దొడ్డి, గట్టు ఆరి ఉన్నప్పుడు ఆపరేషన్ పెట్టుకోండి. కత్తిపీట ముందు కూర్చోవడం మానిపించి టేబుల్ మీద కూరలు తరగమనండి. బాత్రూమ్‌లో కమోడ్ కుర్చీ, గోడకి ఒక పట్టు ముందే పెట్టించండి.

నాట్లకి వద్దమ్మా. ఒంగి బురదలో దిగబడిన కాలు పైకి లాగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది, ఆ పలక పక్కనున్న ఎముకకి అది మంచిది కాదు. అయితే ఆకుమడి దగ్గర కట్టలు లెక్క చూసే మనిషి ఎవరో ఒకరు కావాలి కదా, ఆ పని అమ్మకి ఇవ్వండి. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టండి. అక్కడిదాకా తను నడిచే వెళ్తుంది.