లేబర్ రూమ్‌లో పరిశోధన వల్ల ఒరిగిందేమిటి? రక్తస్రావం సంగతి ఒక్కటే తీసుకుని చెప్తాను

మీరు రెండు విషయాలు అడిగారు. ప్రసూతి విభాగంలో జరిగే పరిశోధనల వల్ల సర్కారు ఆసుపత్రి లేబర్ రూమ్‌కి ఒరిగిందేమైనా ఉందా, లేక అవన్నీ ప్రమోషన్ల కోసం రాసే పేపర్లేనా అన్నది ఒకటి. పీజీ ఓబీజీలో (ప్రసూతి, స్త్రీల వ్యాధుల విభాగంలో) చేరిన మీ అక్క కూతురు థీసిస్‌కి ఏ అంశం తీసుకోవాలన్నది రెండోది.

నేను ముందు జిల్లా ఆసుపత్రిలో, తర్వాత బోధనాసుపత్రిలో కాన్పులు చేశాను. పీజీల థీసిస్‌లకు గైడ్‌గా సంతకాలూ పెట్టాను. ప్రమోషన్ పేపర్లు బోలెడు, ఆ మాట దాచను. కానీ కాన్పు తర్వాతి రక్తస్రావం మీద గత ఇరవై ఏళ్లలో జరిగిన పని మాత్రం ఆ కోవలోది కాదు. నేను దగ్గర్నుంచి చూసింది కూడా అదే కాబట్టి మిగతావి పక్కనపెట్టి దాని గురించే రాస్తున్నాను.

లేబర్ రూమ్ లోపల చూడనివాళ్ల కోసం ముందు కాస్త నేపథ్యం. బిడ్డ పుట్టాక మాయ ఊడి వస్తుంది. అది అతుక్కున్న చోట రక్తనాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. గర్భసంచి కండరం గట్టిగా ముడుచుకుంటేనే అవి మూసుకుంటాయి. సంచి మెత్తగా ఉండిపోయిందా, రక్తం ధార కడుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం సరఫరా అవుతుంది, కాబట్టి తాత్సారానికి చోటు లేదు. కాన్పు తర్వాతి రక్తస్రావం, అంటే పీపీహెచ్ కేసుల్లో ఎక్కువ భాగం ఇలా సంచి ముడుచుకోకపోవడం వల్లే వస్తాయి. చిరుగులు, లోపల మిగిలిపోయిన మాయ ముక్క, రక్తం గడ్డకట్టకపోవడం లాంటివి ఆ తర్వాత. కాన్పయిన 24 గంటల్లో 500 మి.లీ. లేదా అంతకు మించి పోతే దాన్ని పీపీహెచ్ అంటాం.

500 మి.లీ. అంటే అర లీటరు పాల ప్యాకెట్టంత. అంత రక్తం పోతుంటే పక్కన నిలబడ్డ ఎవరికైనా తెలుస్తుందిగా అనుకుంటారు. తెలియదు. రక్తం ఒక్కచోట చేరదు. కొంత ఉమ్మనీటిలో కలుస్తుంది, కొంత గుడ్డలు పీల్చుకుంటాయి, కొంత టేబుల్ కింది బకెట్లో పడుతుంది, ఇంకొంత ఆయమ్మ అప్పుడే తుడిచేసి ఉంటుంది. పాత కేస్‌షీట్లు తిరగేసి చూడండి, చాలామందికి ఒకటే అంకె కనిపిస్తుంది: 'రక్తస్రావం సుమారు 200 మి.లీ.' రాత్రి డ్యూటీలో స్టాఫ్ నర్సు ఒక్కతే, టేబుళ్ల మీద ఇద్దరు, బయట బెంచీ మీద నొప్పులతో మూడో ఆమె. అలాంటప్పుడు ఆ అంకె చూసి రాసేది కాదు, చేతి అలవాటుగా పడేది. పైగా మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. హిమోగ్లోబిన్ 12 ఉన్నామె 500 మి.లీ. తట్టుకుంటుంది. 7 ఉన్నామె అంతకు ముందే చల్లబడిపోతుంది.

ఈ కంటి అంచనా ఎంత తప్పో కొలిచి చూపించినవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు, కర్ణాటకలోని బెళగావిలో. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ వాళ్లు, అమెరికా పరిశోధకులు కలిసి ఆ జిల్లా పల్లెల్లో గర్భసంచి ముడుచుకునేలా చేసే మిసోప్రోస్టాల్ (మిసో) మాత్రల మీద ట్రయల్ చేశారు. ఇంటి దగ్గరో సబ్‌సెంటర్లోనో కాన్పయిన 1,620 మందికి ఏఎన్ఎంలే మందు ఇచ్చారు. సగం మందికి 600 మైక్రోగ్రాముల మిసో, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు. మిసో తీసుకున్నవాళ్లలో పీపీహెచ్ 12 శాతం నుంచి 6.4కి పడిపోయింది. 2006లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితం ప్రపంచమంతా వాడింది. 2011లో మిసోని పీపీహెచ్ నివారణకు కూడా అత్యవసర మందుల జాబితాలోకి డబ్ల్యూహెచ్‌ఓ చేర్చింది. డాక్టరు లేని చోట ఏఎన్ఎం చేతిలోని మాత్ర పనిచేస్తుందని నిరూపించింది ఏఎన్ఎంలే. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి.

ఆ ట్రయల్ కోసం వాళ్లకి రక్తం కొలిచే సాధనం కావాల్సి వచ్చింది. నడుము కింద పరిచే ప్లాస్టిక్ షీటు, దాని కొసన గరాటులాంటి సంచి, సంచి మీద మి.లీ. గీతలు. చూడ్డానికి ఇంతే. దాన్ని పెట్టి కొలిస్తే, కంటితో వేసిన అంచనా అసలు రక్తం కంటే సుమారు మూడో వంతు తక్కువ వస్తోందని తేలింది.

అయితే కొలవగానే అంతా బాగుపడిందని అనుకోకండి. యూరప్‌లో 13 దేశాల ఆసుపత్రుల్లో ఇలాంటి సంచులు ఇచ్చి చూశారు, 2010లో ఫలితం వచ్చింది. తీవ్రమైన రక్తస్రావాలు తగ్గలేదు. అంకె తెలియడం వేరు, తెలిసిన నిమిషంలో చేతులు కదలడం వేరు. మా దగ్గర జరిగేది నాకు తెలుసు కదా: ముందు గర్భసంచి రుద్దుతారు, పది నిమిషాలు చూస్తారు, అది ముడుచుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ మందు పెంచుతారు, మళ్లీ చూస్తారు, డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తారు, ఆవిడ వచ్చి ఇంకో మందు రాస్తారు, దాన్ని స్టోర్ నుంచి తెస్తారు. ఒక్కో మెట్టూ సబబుగానే కనిపిస్తుంది, అన్నీ కలిపితే గంట అవుతుంది.

ఈ-మోటివ్ అన్న ట్రయల్ దెబ్బ కొట్టింది ఈ మెట్ల మీదే. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, 2 లక్షల 10 వేలకు పైగా సాధారణ కాన్పులు. సగం ఆసుపత్రుల్లో గీతల సంచి పెట్టి, గీత దాటగానే అన్నీ ఒక్కసారే చేయమన్నారు: గర్భసంచి రుద్దడం, ఆక్సిటోసిన్, గడ్డకట్టిన రక్తం కరగకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, చిరుగుల కోసం పరీక్ష, ఆగకపోతే పెద్ద డాక్టరుకి కబురు. 500 దాకా ఆగకుండా, 300 గీత దగ్గర మిగతా లక్షణాలు కూడా అనుమానంగా ఉంటే అప్పుడే మొదలు. 2023లో ఫలితం వచ్చింది. లీటరు, ఆపైన రక్తం పోవడం, దానికోసం పొట్ట కోయాల్సి రావడం, చావు, ఈ మూడూ కలిపి చూస్తే మామూలు పద్ధతిలో 4.3 శాతం, కొత్త పద్ధతిలో 1.6 శాతం. పీపీహెచ్‌ని పట్టుకోవడమే సగం నుంచి 93 శాతానికి పెరిగింది. ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు, అన్నీ మా బీరువాలో ఉన్నవే. 2025లో వచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాలు కూడా 300 దాటి నాడి, బీపీ తేడాగా ఉంటే ఇక ఆగవద్దనే చెప్తున్నాయి.

ఇందులో ట్రానెక్సామిక్ యాసిడ్ కథ వేరే చెప్పాలి. 1962లో జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే కలిసి కనిపెట్టిన మందు ఇది. కాన్పు రక్తస్రావానికి వాడి చూడమని ఆమె అక్కడి ప్రసూతి డాక్టర్ల వెంటపడ్డారు, ఎవరూ ముందుకు రాలేదు. చివరికి 21 దేశాల్లో 193 ఆసుపత్రులు, 20 వేల మంది బాలింతలతో ఉమన్ ట్రయల్ జరిగింది. ఫలితం 2017లో వెలువడింది, ఆమె 2016లోనే కన్నుమూశారు. రక్తస్రావంతో చనిపోయినవాళ్లు మందు లేకుండా 191 మంది, మందు ఇచ్చినవాళ్లలో 155. మూడు గంటల్లోపు ఇస్తే లాభం ఇంకా స్పష్టం: 1.7 శాతం నుంచి 1.2. ఒక గ్రాము, నరానికి, మూడు గంటల్లోపు. ఇప్పుడిది మా పీజీలకు నోటికొచ్చిన పాఠం.

ఈ అంకెలు ఇంకో సంగతి చెప్తాయి, మీ అక్క కూతురికి అక్కరకొచ్చేది. తేడా వెయ్యికి నాలుగైదు ప్రాణాలు. దాన్ని పట్టుకోవడానికి 20 వేల మంది కావాల్సి వచ్చింది. వందమందికి ఒక మందు, వందమందికి ఇంకో మందు ఇచ్చి 'మరణాల్లో తేడా కనిపించలేదు' అని రాసే థీసిస్‌కి అర్థం లేదు. ఆ రెండొందల్లో మరణమే ఉండకపోవచ్చు, తేడా ఎక్కణ్నుంచి వస్తుంది? అలాంటివి లైబ్రరీ బీరువాల్లో వరసగా నల్ల అట్టలతో ఉన్నాయి. పెద్ద ట్రయల్‌లో 'లేదు' అని తేలడం మాత్రం విలువైనదే. రక్తహీనత ఉన్నవాళ్లకి ట్రానెక్సామిక్ ముందుజాగ్రత్తగా ఇస్తే పీపీహెచ్ ఆగుతుందేమోనని పాకిస్తాన్, నైజీరియా, టాంజానియా, జాంబియాల్లో 15 వేల మందితో చూశారు. ఆగలేదు. కాబట్టి ఐరన్ సంగతి కాన్పుకి ముందే చూసుకోవాల్సిందే.

ఆక్సిటోసిన్ గురించి క్లుప్తంగా. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నేను పనిచేసిన ఒకచోట వేసవిలో ఫ్రిజ్ కంటే ట్రేలోనే ఎక్కువ సేపు ఉండేది, పొడిచినా గర్భసంచి గట్టిపడకపోతే మందునే అనుమానించేవాళ్లం. అదే పని చేస్తూ వేడిని తట్టుకునే కార్బెటోసిన్‌ని దానితో మన దేశంతో సహా పది దేశాల్లో దాదాపు 30 వేల మంది మీద పోల్చి 2018లో ప్రకటించారు. 500 మి.లీ. లెక్కలో ఆక్సిటోసిన్‌కి తీసిపోలేదు. లీటరు లెక్కలో అంత గట్టిగా చెప్పలేకపోయారు, అంకెలు మాత్రం దగ్గరదగ్గరే.

పరిశోధన అంటే జనం భయపడేది మందుల గురించి కాదు, సంతకం గురించి. తొలి కాన్పయితే పక్కన ఉండేది తల్లి. ఫారం చదివి వినిపిస్తుంటే ఒకామె మధ్యలో ఆపి, "మా పిల్ల మీద పరీక్షలు చేస్తరా? నీ బిడ్డయితే ఏ మందిస్తవు డాక్టరమ్మా?" అంది. చాలా సరైన ప్రశ్న. "రెంట్లో ఏది మంచిదో నాకే తెల్వదమ్మా, తెలిస్తే చీటీ రాసి అదే ఇస్తుంటి. వద్దంటే మామూలుగా ఇచ్చేది ఇస్తం, చూసుకునుడు ఏం తగ్గదు" అన్నాను. ఆ మాట నిజాయితీగా అనలేని చోట ట్రయల్ చేయకూడదు. తెలుసని నమ్మితే ఒకరికి మంచిదిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడం అన్యాయం. నొప్పులు పడుతున్న మనిషి ముందు ఫారం పెట్టి వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు. నెలనెలా చూపించుకోవడానికి వచ్చినప్పుడే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే చెప్పాలి. చదువురానివాళ్లయితే ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఉండాలి. అది నియమం కూడా.

ఇంతా చెప్పాక మన రాష్ట్రాలకు అతకని చోటు ఒకటుంది. ఈ-మోటివ్‌లో ఉన్నవన్నీ సాధారణ కాన్పులు. అదే 2019-21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం సిజేరియన్లు. ఆపరేషన్ టేబుల్ మీద గీతల సంచి పనికిరాదు. రక్తం సక్షన్ జార్‌లోకి ఉమ్మనీటితో కలిసి పోతుంది, మిగతాది మాప్‌లలో (రక్తం పీల్చే గుడ్డల్లో) ఉంటుంది. పాత కుట్టు మీద మాయ పాతుకుపోయిన కేసుల్లో రక్తం లీటర్లలో పోతుంది, అప్పుడు బ్లడ్ బ్యాంకుకి పరుగులే. సిజేరియన్ సమయంలో అందరికీ ముందే ట్రానెక్సామిక్ ఇస్తే ఏమవుతుందని అమెరికాలో 11 వేల మందితో చూశారు. మరణాలు, రక్తం ఎక్కించడం కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇన్ని సిజేరియన్లు చేస్తున్న మనం ఈ ప్రశ్న మీద వేరే దేశాల జవాబు కోసం ఎదురుచూడటం నాకు చిన్నతనంగానే ఉంటుంది.

అందుకే మీ అక్క కూతురికి నా సలహా ఇది. 'మిసో, ఆక్సిటోసిన్ పోలిక' జోలికి పోవద్దనండి, అది అరిగిపోయింది. తన ఆసుపత్రి సిజేరియన్లలో సర్జన్, మత్తు డాక్టరు, నర్సు ముగ్గురూ విడివిడిగా చెప్పిన అంచనాని తూకంతో పోల్చమనండి. పొడి మాప్‌లను ముందే తూచి ఉంచాలి, తడిసినవాటి బరువులోంచి అది తీసేయాలి, గ్రాముని మి.లీ.గా లెక్కేసుకోవచ్చు. ఉమ్మనీరు పీల్చిన జార్ వేరు, మాయ వచ్చాక వాడే జార్ వేరు పెట్టుకోవాలి. ఇది ప్రతి కేసులోనూ దొరికే కొలత కాబట్టి రెండు వందల మందితో కూడా నమ్మదగిన జవాబు వస్తుంది. మత్తు డాక్టర్లను మొదటి రోజే కలుపుకోమనండి, లేకపోతే జార్ మార్చేటప్పుడు ఎవరూ ఆగరు. ఇంకో మంచి అంశం: పీపీహెచ్ అని గుర్తించిన నిమిషం నుంచి ట్రానెక్సామిక్ నరంలోకి వెళ్లేదాకా ఎంతసేపు పడుతోంది, ఆ ఆలస్యం ఎక్కడ అవుతోంది. దీనికి గడియారం, ఓపిక చాలు, కాకపోతే విభాగాధిపతికి నచ్చకపోవచ్చు.

ఏది తీసుకున్నా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి. రోగులకు మందో పద్ధతో మార్చి చూసేదైతే సీటీఆర్‌ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు కూడా తప్పదు. ఆ నంబరు చేతికి రాకముందు ఒక్కరిని కూడా చేర్చుకోవద్దని గట్టిగా చెప్పండి. 2018 ఏప్రిల్ నుంచి అక్కడ మొదలైపోయిన ట్రయల్స్‌ని నమోదు చేసుకోవడం లేదు.