మాస్కు అంచు నుంచి గాలి పోతోందా?

ఇవి 2021 మేలో, కోవిడ్ రెండో అల నాటి ప్రశ్నలు, జవాబులు. ఆ మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 గంటలకు మొదలై మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ ఉండేది. కొట్లు తెరిచింది పొద్దున 6 నుంచి 12 దాకానే, అదీ జనం గుమిగూడకుండా 144 సెక్షన్ అమలులో ఉండగా. ఈసారి బెజవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ బజారు, మాస్కు, ఇల్లు చుట్టూనే ఉన్నాయి. నలుగురికీ పనికొచ్చేవి తీసుకున్నాం.

పదిన్నరకే రైతుబజారులో కాలు పెట్టే చోటుండటం లేదు. ఆరింటికి వెళ్ళినా అంతే. ఎప్పుడు వెళ్ళాలి? తెచ్చిన కూరగాయలు సబ్బుతో కడగాలా?
— గృహిణి, పటమట, విజయవాడ

తెరిచే వేళ, మూసే వేళ రెండూ వదిలేయండి. ఎనిమిది, తొమ్మిది మధ్య వెళ్ళి చూడండి. అంతకంటే ముఖ్యం, రోజూ వెళ్ళకండి. ఆరు రోజులకు ఒకసారి చాలు. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, వంకాయ. తర్వాత బెండ, దొండ, బీర. చివరికి దుంపలు, కంద, గుమ్మడి అనుకుంటే ఏదీ వాడిపోదు. ఇంట్లో ఒక్కరే వెళ్ళాలి, ప్రతిసారీ ఆ ఒక్కరే వెళ్ళాలి. చీటీ రాసుకుని వెళితే లోపల నిలబడే సమయం సగానికి తగ్గుతుంది.

బేరం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తున్నారు. మాట వినపడటం లేదని కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ మాస్కు గడ్డం కిందికి లాగేస్తున్నారు. సరిగ్గా గొంతు పెంచే క్షణంలోనే నోరు తెరిచి ఉంటుంది. వినపడకపోతే వేళ్ళతో చూపించండి, మాస్కు మాత్రం దించొద్దు.

కూరగాయలకు సబ్బు వద్దు, శానిటైజర్ అసలే వద్దు. అవి కడుపులోకి పోతాయి. కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడిగితే చాలు. కోవిడ్ ప్రధానంగా ఊపిరి ద్వారా వస్తుంది. సంచిని గంటసేపు తుడిచే ఓపికలో కొంత మాస్కు సరిగ్గా పెట్టుకోవడం మీద పెట్టండి.

మందుల షాపులకు 2021 కర్ఫ్యూలో మినహాయింపు ఉండేది. అయినా అందరూ కూరగాయలతో పాటే మందులూ కొనాలని పొద్దున్నే అక్కడ గుమిగూడేవారు. బీపీ, షుగర్ మాత్రలు సాయంత్రం ఎండ తగ్గాక తెచ్చుకోండి. కర్ఫ్యూ వేళ డాక్టరు చీటీ చేతిలో ఉంచుకుంటే దారిలో పోలీసులు ఆపినా చూపించవచ్చు. నెలకు సరిపడా ఒకేసారి తీసుకోండి.

ఇంట్లో మిషన్ ఉంది. వీధిలో వాళ్ళకు గుడ్డ మాస్కులు కుట్టి ఇద్దామనుకుంటున్నాను. కొలతలు, గుడ్డ చెప్పండి. కిందటేడు కుట్టినవి ఉతికేసరికి బిగుసుకుపోయాయి.
— టైలర్, కొత్తపేట, గుంటూరు

బిగుసుకుపోవడానికి కారణం గుడ్డను ముందే ఉడికించకపోవడం. కత్తిరించడానికి ముందు ఉప్పు వేసిన నీళ్ళలో 5 నిమిషాలు మరగనిచ్చి, పూర్తిగా ఆరబెట్టండి. కుంచించుకునేది అప్పుడే కుంచించుకుంటుంది.

గుడ్డ దగ్గరగా నేసిన నూలుదై ఉండాలి. మంగళగిరి నూలు చీర ముక్క బాగుంటుంది, జరీ అంచు తీసేయండి. పదేళ్ళు కట్టి పల్చబడిన చీర పనికిరాదు. బల్బుకు ఎదురుగా పట్టుకుంటే పోగుల మధ్య చుక్కలు చుక్కలుగా వెలుతురు కనపడే గుడ్డ ఏదైనా పక్కన పెట్టేయండి. బనీను గుడ్డ సాగినప్పుడు దాని కన్నాలూ సాగుతాయి కాబట్టి అదీ వద్దు.

కేంద్ర ఆరోగ్య శాఖ సూచనల్లో ఉన్న కొలత పెద్దలకు 9 అంగుళాలు, 7 అంగుళాలు. పిల్లలకు 7, 5. పెద్దవాళ్ళ మాస్కుకు 9 అంగుళాల వైపు మూడు కుచ్చిళ్ళు పెట్టి 5 అంగుళాలకు తగ్గించాలి. కుచ్చిళ్ళ నోరు పెట్టుకున్నప్పుడు కిందికి ఉండాలి. పైకి ఉంటే దుమ్ము, తుంపర్లు ఆ మడతల్లోనే కూర్చుంటాయి. రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం వెడల్పు, 5 అంగుళాల పొడవు పట్టీతో పైపింగ్ వేయండి. పైనా కిందా ఒకటిన్నర అంగుళం వెడల్పు, 40 అంగుళాల పొడవు పట్టీలు రెండు. పై పట్టీ చెవుల మీదుగా తల వెనక్కి, కింది పట్టీ మెడ వెనక్కి ముడి పడాలి. చెవులకు తగిలించే ఎలాస్టిక్ కంటే ఇలా కట్టుకునే పట్టీ ఏ ముఖానికైనా బిగుతుగా కుదురుతుంది, నాలుగు ఉతుకులకే సాగిపోదు. ముఖం వెడల్పైన వారికి అడ్డంగా ఒక అంగుళం పెంచండి.

మూడు పొరలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లోనే చెప్పింది. మీరు నూలు పొరలు రెండు కుట్టి, ఒక పక్క జేబులా తెరిచి ఉంచండి. బట్టల కొట్లలో ఇచ్చే నాన్‌వోవెన్ సంచిలో రంగు అచ్చు లేని భాగాన్ని కత్తిరించి, కడిగి ఆరబెట్టి ఆ జేబులో పెట్టుకోవచ్చు. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగి అంటుకుంటుంది, తీసేశాకే ఇస్త్రీ చేయమని చెప్పి ఇవ్వండి.

ముక్కు దగ్గర తీగ తప్పనిసరి. నాలుగు అంగుళాల మెత్తటి అల్యూమినియం తీగ గానీ, బ్రెడ్డు ప్యాకెట్టుకు చుట్టే తీగ రెండు పేటలు గానీ పై పట్టీలోకి దూర్చి, కొసలు లోపలికి వంచండి. వంచకపోతే రెండో ఉతుక్కి కొస బయటికొచ్చి కంటి కింద గుచ్చుకుంటుంది. ఇక ముక్కు మీదుగా నిలువు కుట్టు వేయొద్దు. సూది దిగిన ప్రతిచోటా కన్నమే, అదీ ఊపిరి తగిలే నడిమధ్యన.

మనిషికి మూడు ఇస్తే ఒకటి ముఖం మీద, ఒకటి సంచిలో, ఒకటి తీగ మీద ఉంటాయి. సబ్బు నీళ్ళతో ఉతికి మన ఎండలో 5 గంటలు ఆరబెడితే సరిపోతుంది.

రెండు మాస్కులు పెట్టుకోమంటున్నారు. ఎన్95 మీద సర్జికల్ మాస్కు పెడితే ఊపిరాడటం లేదు. కళ్ళజోడు మసకబారుతోంది.
— బ్యాంకు ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ

ఎన్95 మీద ఏదీ పెట్టొద్దు, కిందా పెట్టొద్దు. దాని బలమంతా ముఖానికి అంటుకునే అంచులో ఉంది. పైన ఇంకొకటి బిగిస్తే ఆ అంచు లేస్తుంది. సర్జికల్ మీద సర్జికల్ కూడా దండగే, పక్కల ఖాళీ ఎక్కడిదక్కడే ఉంటుంది. కుదిరే జత ఒక్కటే: లోపల సర్జికల్, దాన్ని ముఖానికి అదిమిపెట్టేలా పైన గుడ్డ మాస్కు.

ఒక్క సర్జికల్ మాస్కే ఉంటే ఇలా చేయండి. దాన్ని అడ్డంగా సగానికి మడిచి, చెవి తాడును మాస్కు మూలకు ఆనేంత దగ్గరగా ముడి వేయండి. రెండో వైపూ అంతే. విప్పగానే పక్కల గుడ్డ గుంటలా తెరుచుకుంటుంది, ఆ గుంటను లోపలికి మడిచి దోపండి. బుగ్గల పక్క ఖాళీ చాలావరకు పోతుంది.

కళ్ళజోడు మసకబారిందంటే మాస్కు పై అంచు నుంచి మీ ఊపిరి పైకి పోతోందన్నమాట. బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారి కూడా. ముక్కు తీగను ఒక వేలితో నొక్కితే మధ్యలో గోపురంలా లేచిపోతుంది. రెండు చేతుల చూపుడువేళ్ళతో ముక్కు నడుమ నుంచి బుగ్గల దాకా ఒకేసారి అదుముతూ రండి. తర్వాత గట్టిగా ఊదండి. కనురెప్పలకు గాలి తగిలితే మళ్ళీ సర్దండి. గడ్డం పెంచిన వారికి ఎన్95 ఎంత ఖరీదైనదైనా అంచు కుదరదు.

ముందు బిళ్ళలా వాల్వు ఉన్న మాస్కు కొనొద్దు. మీరు వదిలే ఊపిరి దాంట్లోంచి వడపోత లేకుండా ఎదుటివారి మీదికి పోతుంది. 2020 జూలైలోనే కేంద్రం వీటిని వాడొద్దని రాష్ట్రాలకు రాసింది.

ఎన్95ను ఉతకడం, శానిటైజర్ చల్లడం రెండూ తప్పే. లోపలి పొరలో ఉండే విద్యుదావేశమే సూక్ష్మ కణాలను లాగి పట్టుకుంటుంది. సబ్బు, ఆల్కహాల్ తగిలితే అది పోతుంది. చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది, పనిచేయదు. ఐదు కొనుక్కుని ఐదు కాగితం సంచుల మీద సోమ, మంగళ, బుధ అని రాసి, బ్యాంకుకు వెళ్ళే రోజుకొకటి వాడండి. తడిసినా, తాడు వదులైనా పారేయాల్సిందే.

మేం మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తాం. కొంగు గానీ తువ్వాలు గానీ చుట్టుకుంటాం. మాస్కు పెడితే ఘాటుకు తుమ్ములు ఆగవు. ఏం చేయమంటారు?
— మిర్చి కూలీలు, గుంటూరు

అమ్మా, కొంగు చాలదు. ఒంటి పొర, పైగా గంటకోసారి జారుతుంది, జారినప్పుడల్లా కారం చేతులు ముఖం మీదికి వెళ్తాయి. గుడ్డ మాస్కు కట్టుకోండి, కొంగు పైన కప్పుకోండి. చెమటకు తడిస్తే గాలి గుడ్డలోంచి పోలేక పక్కల నుంచి పోతుంది, పైగా తడి గుడ్డకు కారం దుమ్ము పట్టేస్తుంది. అందుకే పూటకు రెండైనా దగ్గర ఉంచుకుని, తడవగానే మార్చండి. తుమ్ము వస్తే మాస్కు తీయకండి, అందులోనే తుమ్మి పక్కకెళ్ళి మార్చుకోండి.

మార్చే ముందు చేతులు. మిరప ఘాటు ఉత్త నీళ్ళకు పోదు. రెండు చుక్కల వంటనూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది. లేకపోతే అదే వేళ్ళు కొత్త మాస్కుకు కారం పూస్తాయి. కుప్ప చుట్టూ ఎదురెదురుగా కాకుండా వీపులు కలిసేలా, చేయి చాచినా తగలనంత ఎడంగా కూర్చోండి. ఈ మాస్కులు, సబ్బు పని ఇచ్చేవాళ్ళే ఇవ్వాలి. అడగండి, అది మీ హక్కు.

రెండు గదుల పోర్షన్. మావారికి పాజిటివ్, ఇంట్లోనే ఉండమన్నారు. ఏసీ ఒక్క గదిలోనే ఉంది, బాత్రూమ్ ఒక్కటే. అత్తగారికి డెబ్భై దాటాయి. ఈ ఎండల్లో ఎలా?
— గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

కిటికీ ఉన్న గది మీవారికి ఇవ్వండి, ఏసీ ఉన్నదా లేదా అన్నది తర్వాత. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. అందరూ అందులోనే పడుకుంటే ఒకరి ఊపిరి రాత్రంతా అందరూ పంచుకున్నట్టే. ఏసీ వేయక తప్పకపోతే 24 డిగ్రీలకు తగ్గించకుండా, కిటికీ కొద్దిగా తెరిచి, ఫ్యాను కూడా వేయండి. కరెంటు బిల్లు పెరుగుతుంది, ఈ పది రోజులకు భరించండి. కూలర్ అయితే దాని వీపు కిటికీ బయటికి ఉండి బయటి గాలి లాగాలి. గది మధ్యలో పెడితే ఉక్క తప్ప లాభం లేదు.

మీవారి గది తలుపు మూసి, టేబుల్ ఫ్యాను కిటికీ దగ్గర బయటి వైపుకు తిప్పి పెట్టండి. లోపలి గాలి వీధివైపు పోతుంది, ఇంట్లోకి రాదు. భోజనం గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి మీరు తప్పుకున్నాక ఆయన తీసుకోవాలి. ఆయన మూడు పొరల మాస్కు 8 గంటలకోసారి మార్చాలి, మీరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఎన్95 పెట్టుకోండి. ఇంట్లోనూ మాస్కు పెట్టుకోమని నీతి ఆయోగ్ సభ్యుడిగా వి.కె. పాల్ 2021 ఏప్రిల్ 26న చెప్పింది ఇలాంటి ఇళ్ళ గురించే. అత్తగారికి తప్పకుండా పెట్టండి.

బాత్రూమ్ అందరి తర్వాత ఆయన వాడాలి. వెంటిలేటర్ తెరిచే ఉంచండి. కుళాయి, గొళ్ళెం, మగ్గు ఒక శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్) ద్రావణంతో తుడవండి. సీసా మీద 5 శాతం అని ఉంటే ఒక గ్లాసు మందుకు నాలుగు గ్లాసుల నీళ్ళు. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులు మండిపోతాయి.

ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) పెట్టే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. గోరింటాకు, గోళ్ళరంగు లేని వేలు, చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరిచి పెట్టండి. మొదట కనపడిన అంకె రాయొద్దు, నిమిషం ఆగి నిలిచినది రాయండి. 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా 104కు ఫోన్ చేయండి. మాట తడబడినా, పెదాలు నీలంగా మారినా 108. 2021 మే నాటి నిబంధన ప్రకారం, లక్షణాలు మొదలై పది రోజులు గడిచి, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే గది వదిలి రావచ్చు. దానికి మళ్ళీ పరీక్ష అక్కర్లేదు.

మూడేళ్ళ పాపకు మాస్కు పెట్టాలా? వాడిన మాస్కులు చెత్తబండిలో వేయవచ్చా?
— పాఠకుడు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

ఐదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలకు మాస్కు వద్దు. ఊపిరాడకపోతే తీసుకునే తెలివి ఉండదు. పాపను బజారుకు తీసుకెళ్ళకపోవడమే జాగ్రత్త.

వాడిన మాస్కును ముందు కత్తిరించండి, లేకపోతే ఎవరో ఒకరు ఏరి ఉతికి వాడే ప్రమాదం ఉంది. కాగితం సంచిలో వేసి 72 గంటలు పక్కన పెట్టి, ఆ తర్వాత పొడి చెత్తలో వేయండి. పాజిటివ్ ఉన్న ఇల్లయితే అది ఆసుపత్రి చెత్త కింద లెక్క. పసుపు రంగు సంచిలో మూతి కట్టి విడిగా ఇవ్వాలి. సంచి మీద పెద్ద అక్షరాలతో "కోవిడ్" అని రాసి, బండి దగ్గరి మనిషికి నోటితో కూడా చెప్పండి. చాలాసార్లు ఆయన దాన్ని తడిమి చూసేది ఉత్త చేతులతోనే.