డోర్‌కి చిన్న సొట్ట పడింది, రంగు పోలేదు: పెయింట్ వేయించకుండా తీయించొచ్చా?

పార్కింగ్‌లో ఎవరిదో బైక్ హ్యాండిల్ తగిలి వెనక డోర్‌కి రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద సొట్ట పడిందని, రంగు మాత్రం పోలేదని రాశారు. సర్వీస్ సెంటర్ వాళ్ళేమో డోర్ మొత్తం పెయింట్ చేయాలి, ఇన్సూరెన్స్‌లో పెట్టుకోండి అన్నారట. అప్పుడే ఒప్పుకోకండి. మా బలెనో ముందు డోర్‌కీ ఇలాంటిదే పడితే పెయింట్‌లెస్ డెంట్ రిపేర్ చేయించాను. పీడీఆర్ అంటారు. రంగు ముట్టుకోకుండా రేకుని మాత్రమే వెనక్కి తెచ్చే పని.

ముందు రంగు నిజంగానే పోలేదా అన్నది చూసుకోండి. అక్కడ కడిగి తుడిచాక గోటితో నెమ్మదిగా గీయండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే చాలావరకు భయం లేదు. సెల్‌ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా వేస్తే వెంట్రుకపాటి పగుళ్ళున్నా బయటపడతాయి. పగులుంటే పీడీఆర్‌తో రేకు సాపవుతుంది కానీ పగులు పోదు, ఆ సందులోంచి తడి దిగి తుప్పు పడుతుంది. అప్పుడిక పెయింటే దారి.

రెండోది, సొట్ట ఎక్కడుంది, ఎలా ఉంది అన్నది. సైజు కంటే ఇదే ముఖ్యం. అరచేతంత వెడల్పున్నా లోతు తక్కువగా, గుండ్రంగా ఉంటే తేలిగ్గా వస్తుంది. వేలెడంతే ఉన్నా మడత పడిందంటే కష్టం, అక్కడ రేకు సాగిపోయి ఉంటుంది. డోర్ పొడవునా పోయే బాడీ లైన్ మీద పడినా, డోర్ అంచులో పడినా మంచి పనివాళ్ళు కూడా ‘పూర్తిగా రాదండీ’ అని ముందే చెప్తారు. అలా చెప్పేవాళ్ళనే నమ్మండి.

పని జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడి చూశాను. పీడీఆర్ చేసే అతను డోర్ అద్దం దించి, కింది రబ్బరు బీడింగ్ సడలించి, అద్దానికి గీతలు పడకుండా సందులో పల్చటి షీట్ దోపాడు. చివర వంపు తిరిగిన పొడవాటి ఉక్కు రాడ్డు అందులోంచి లోపలికి పోయింది. బయట డోర్ ముందు స్టాండ్ మీద గీతలు గీతలుగా వెలిగే ఎల్‌ఈడీ లైట్. మంచి రేకు మీద ఆ గీతల నీడ తిన్నగా ఉంది, సొట్ట దగ్గరికొచ్చేసరికి మెలిక తిరిగింది. అతను సొట్టని అసలు చూడడు, ఆ మెలికనే చూస్తాడు. రాడ్డు కొన లోపల ఎక్కడుందో కూడా దాన్ని బట్టే కనిపెడతాడు. తర్వాత చిన్న చిన్న తోపులు, ఒకదాని పక్కన ఒకటి. గట్టిగా తోస్తే బయటికి మొటిమలా లేస్తుంది.

నాకు అంతకుముందు తెలియని సంగతి ఒకటి అక్కడే తెలిసింది. దెబ్బ తగిలినప్పుడు మధ్యలో రేకు లోపలికి పోవడమే కాదు, చుట్టూ గట్టులా కాస్త పైకి లేస్తుంది. లోపల్నుంచి ఎంత తోసినా ఆ గట్టు దిగకపోతే సొట్ట పోయినట్టే కనిపించదు. అందుకే మధ్యమధ్యలో ప్లాస్టిక్ మొన మీద చిన్న సుత్తితో టక్ టక్‌మని గట్టుని దించాడు. ఇంట్లో చేసుకోమని ఆన్‌లైన్‌లో అమ్మే గ్లూ కిట్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. లాగడం ఎవరైనా లాగుతారు, దించడం చేతకావాలి.

డోర్ లోపల అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ వెనక సొట్ట ఉంటే రాడ్డు అందదు. అప్పుడు వేడి గ్లూతో ప్లాస్టిక్ ట్యాబ్ అంటించి బయటికి లాగుతారు. ఆ డోర్ ఇంతకుముందే రీపెయింట్ అయ్యుంటే మాత్రం గ్లూతో పాటు రంగు పెచ్చు ఊడి రావచ్చు. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఈ మాట ముందే చెప్పండి. అలాగే, రాడ్డు కోసం లోపల హోల్ వేస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ కన్నం తర్వాత తుప్పుకి నెలవు.

నాకు రూ. 2,500 అయింది. పెయింట్‌కి అడిగింది దాదాపు రెట్టింపు. అసలు లాభం డబ్బు కాదు, కంపెనీ రంగు మిగలడం. ఫ్యాక్టరీలో రంగు సుమారు 140 డిగ్రీల వేడిలో గట్టిపడుతుంది. బిగించేసిన బండిలో వైర్లు, ప్లాస్టిక్ ఉంటాయి కాబట్టి పెయింట్ బూత్‌లో 60–80 దాటించలేరు. పైగా సిల్వర్, పెర్ల్ వైట్ లాంటివి పక్క ప్యానెల్‌తో కలవడం కష్టం. అమ్మేటప్పుడు కొనేవాళ్ళు మీటర్ పెట్టి రంగు మందం చూస్తున్నారు. కంపెనీ రంగు మామూలుగా 100 మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటుంది. లప్పం పెట్టిన చోట అంకె దానికి ఎన్నో రెట్లు ఎగిరిపోతుంది, ‘యాక్సిడెంట్ బండా?’ అని బేరం మొదలవుతుంది.

ఇన్సూరెన్స్ లెక్క కూడా చూడండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతంతో మొదలై అయిదేళ్ళకి 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, అంటే ప్రీమియంలో తగ్గింపు), ఒక్క క్లెయిమ్‌తో సున్నా అవుతుంది, పాలసీతో పాటు ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ తీసుకుని ఉంటే తప్ప. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా మీ జేబులోంచి పోయే రూ. 1,000 ఎలాగూ ఉంది. ఈపాటి సొట్టకి క్లెయిమ్ దండగ.

హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి ఐసు పెడితే టప్‌మని బయటికొస్తుందనే వీడియోలు నమ్మకండి. స్టీలు రేకు మీద అది పనిచేయడం చాలా అరుదు, రంగు పైపూత చిట్లే ప్రమాదం ఉంది. వేడినీళ్ళ చిట్కా ప్లాస్టిక్ బంపర్‌కైతే పర్లేదు, మెత్తబడ్డాక వెనకనుంచి చేత్తో నెడితే చాలాసార్లు వస్తుంది.

ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలంటే, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఇంకెక్కడైనా టింకరింగ్ షెడ్డువాళ్ళు నుజ్జయిన డోర్‌ని నిలబెట్టగలరు, కానీ వాళ్ళ దారి సుత్తి, లప్పం, పెయింట్. మీకు కావాల్సింది పీడీఆర్ మాత్రమే చేసేవాళ్ళు. నల్ల కారు మీద చేసిన పని చూపించమనండి, నలుపు మీద ఏ లోపమూ దాగదు. బండి కడిగి తీసుకెళ్ళండి, ముందురోజు వ్యాక్స్ మాత్రం పెట్టకండి, గ్లూ పట్టదు.