పెరట్లో బోసి గోడ కనబడకుండా ఏం చేయొచ్చు? మేం చేసింది చెప్తాను

పెరట్లో గోడ బోసిగా ఉంది, ఎలా దాచాలని అడిగారు కదా, అలాంటి గోడే మాకూ ఉండేది. వంటగది కిటికీ తెరిస్తే ఎదురుగా అదే, బూడిదరంగు సిమెంటు, పైనుంచి కిందికి వాన చారలు. గోడ మొత్తం కప్పేయాలని రెండేళ్లు తంటాలు పడ్డాక అర్థమైంది, అంతా దాచక్కర్లేదు, మీరు రోజూ కూర్చునే చోటు నుంచి చూస్తే కన్ను ఎక్కడ పడుతుందో అక్కడ బాగుంటే చాలు, మిగతా గోడ గురించి పట్టింపే ఉండదు. ముందు ఆ చోట కుర్చీ వేసుకుని కాసేపు చూడండి.

ఇంకోటి, గోడ మీది కాకపోతే మేకు కొట్టే ముందే పక్కింటివాళ్లని అడగండి.

మేం చేసిన పెద్ద తప్పు గోడకి నేరుగా అతుక్కునే తీగ పెట్టడం. మొదట్లో పచ్చగా అల్లుకుని చాలా ముద్దొచ్చింది. మూడో ఏడు పగుళ్లు చూద్దామని ఒక కొమ్మ లాగితే పెయింటు పెచ్చులతో సహా ఊడొచ్చింది, ఊడిరాని చోట తీగ వేళ్లు గోధుమరంగు పురుగుల కాళ్లలా గోడకే ఉండిపోయాయి. బ్రష్‌తో రుద్దినా పోలేదు. పగుళ్లున్న గోడకైతే ఆ వేళ్లు లోపలికి దూరి ఇంకా పాడు చేస్తాయి.

రెండోసారి కొక్కేలు బిగించి, జీఐ వైరు (జింకు పూత ఉన్న ఇనప వైరు) అడుగున్నర ఎడంలో అడ్డంగా లాగాం. వైరుకీ గోడకీ మధ్య రెండు అంగుళాల ఖాళీ తప్పకుండా ఉండాలి, గాలి ఆడుతుంది, గోడ తడి ఆరుతుంది, రేపు రంగు వేయాలన్నా తీగని కిందికి దించుకోవచ్చు. దాని మీదికి రాధామనోహరం పాకించాం. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ, తర్వాత ఎరుపు, ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. అది ఎదిగేలోపు ఖాళీగా ఉండకుండా పక్కన శంఖుపుష్పం గింజలు వేస్తే కొన్ని నెలల్లోనే అల్లుకుంది. కాగితంపూల చెట్టు మాత్రం దానంతటది పట్టుకుని ఎక్కదు, కట్టుకుంటూ పోవాలి, పైగా ముళ్లు, పిల్లలు తిరిగే చోటైతే వద్దంటాను.

మొక్కని గోడ మొదట్లోనే పాతకండి. అక్కడ వాన సరిగ్గా పడదు, మట్టి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. అడుగు, అడుగున్నర దూరంలో పాతి, పుల్ల ఆసరాగా గోడవైపు వాల్చండి. లేత కొమ్మల్ని నిటారుగా పోనివ్వకుండా అడ్డంగా వంచి కట్టడం చాలా ముఖ్యం, లేకపోతే పూలన్నీ పైన పూసి కింద మళ్లీ బోసిగోడే మిగులుతుంది.

రంగు వేస్తానంటే ముందు చెమ్మ సంగతి చూడండి. తెల్లగా ఉప్పు పూస్తుంటే నీళ్లతో కడగొద్దు, ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది, పొడి బ్రష్‌తో దులిపి, గోడకి ఆనుకుని పోసిన మట్టి ఉంటే తీసేయండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులైనా ఆగాలి. తెలుపు మాత్రం వద్దు, ప్రతి మరకా కనిపిస్తుంది, ఎండకి కళ్లు చెదురుతాయి. మేం మసక ఆకుపచ్చ వేశాం, నీడ పడే పూట గోడ వెనక్కి జరిగినట్టే ఉంటుంది. మీ గోడకి ఎండ పొద్దున పడుతుందా, సాయంత్రమా? అది చెబితే ఏ తీగ బాగుంటుందో చెప్తాను.