పూర్తికాని గేమ్‌కి ముందే డబ్బు కట్టొచ్చా?

ప్రశ్న: చిన్న స్టూడియో తయారుచేస్తున్న గేమ్ ఒకటి స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మకానికి ఉంది. పూర్తయ్యాక రేటు పెరుగుతుందట. ఇప్పుడే కొనమని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. నచ్చకపోతే డబ్బు తిరిగొస్తుందా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఇవాళ ఆ గేమ్‌లో ఉన్నంతవరకే చూసి, అంత రేటు పెట్టొచ్చనిపిస్తే కొనండి. తర్వాత వస్తాయని చెప్పేవాటిని లెక్కలో వేసుకోకండి. ‘హేడిస్’ 2018 డిసెంబరులో ఇలాగే మొదలై 2020 సెప్టెంబరుకి పూర్తయింది. ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2’ వెనక పెద్ద పబ్లిషరే ఉన్నా, 2023 ఫిబ్రవరిలో దాదాపు 50 డాలర్లకు అమ్మకానికొచ్చి, వస్తాయని చెప్పిన కాలనీలు, మల్టీప్లేయర్ (నలుగురూ కలిసి ఆడే వీలు) రాకుండానే 2024లో ఆగిపోయింది. కొన్నవాళ్ల చేతిలో సగం గేమే మిగిలింది.

స్టోర్ పేజీలో నీలం పెట్టె ఉంటుంది. ఎంతకాలం పడుతుంది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, రేటు మారుతుందా అన్న ప్రశ్నలకు తయారీదారులే అందులో జవాబు రాస్తారు. అది చదివాక అప్‌డేట్ల తేదీలు చూడండి. నెలకో రెండు నెలలకో ఒకటి వస్తుంటే పని నడుస్తున్నట్టే. ఏడాదిగా ఏమీ లేకపోతే వదిలేయండి. రివ్యూల్లో ‘ఇటీవలివి’ మాత్రమే చదవాలి, పాతవి పాత వెర్షన్ గురించి రాసినవి.

కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా అడిగితే రీఫండ్ ఇస్తారు. ఎర్లీ యాక్సెస్‌కీ ఇదే నియమం. చాలామంది నష్టపోయేది ఇక్కడే: మెనూ తెరిచిపెట్టి భోజనానికి వెళ్లినా ఆ సమయం లెక్కలోకి వస్తుంది. అందుకే మొదటి గంటలోనే మీ కంప్యూటర్ మీద ఆగి ఆగి నడుస్తోందా, సేవ్ చేసి మూసి మళ్లీ తెరిస్తే అక్కడి నుంచే మొదలవుతోందా అని చూసేయమనండి. ఎర్లీ యాక్సెస్‌లో గేమ్ పూర్తిగా సర్దుకుని ఉండదు కాబట్టి, పేజీలో రాసిన కనీస ర్యామ్‌తో సరిపెట్టుకోవచ్చనుకోకండి.

తక్కువకు వస్తుందని బయటి సైట్లలో కీ (స్టీమ్‌లో వేస్తే గేమ్ మీదయ్యే కోడ్) మాత్రం కొనొద్దు. దానికి స్టీమ్ రీఫండ్ ఇవ్వదు, పైగా కీ రద్దయ్యే ప్రమాదమూ ఉంది.

ప్రశ్న: అప్‌డేట్ వచ్చాక నా పాత సేవ్ తెరుచుకోవడం లేదు. 40 గంటల ఆట పోయినట్టేనా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు సేవ్ ఫోల్డరును వేరేచోటికి కాపీ చేసుకోండి. యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేమ్ అయితే అది ఎక్కువగా విండోస్‌లో యాప్‌డేటా (AppData) లోపలి ‘LocalLow’ ఫోల్డరులో, స్టూడియో పేరు మీద ఉంటుంది. తర్వాత లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో బీటాస్ తెరవండి. పాత వెర్షన్ అక్కడ ఉంచి ఉంటే ఎంచుకోండి, చాలావరకు ఆట తిరిగొస్తుంది. అంతకుముందే స్టీమ్ క్లౌడ్ (సేవ్‌లను ఇంటర్నెట్‌లో దాచే సదుపాయం) ఆపేయాలి. లేదంటే పాడైన సేవే మంచిదాని మీద కూర్చుంటుంది.

పాత వెర్షన్ లేకపోతే ఆ సేవ్‌ను, పక్కనే ఉండే ప్లేయర్ లాగ్ (గేమ్ నడిచిన తీరు నమోదయ్యే) ఫైల్‌ను తయారీదారులకు పంపండి. ‘పని చేయడం లేదు’ అని రాస్తే వాళ్లు చేయగలిగేది లేదు. వెర్షన్ నంబరు, ఏ మెట్టు దగ్గర ఆగింది, గ్రాఫిక్స్ కార్డు పేరు, ఈ మూడూ రాయండి.