కుక్క ప్రొజెస్టెరాన్ రిపోర్టును ఆడవాళ్ల కొలతలతో చదవొద్దు

ప్రశ్న: మా లాబ్రడార్‌కు మూడేళ్లు. ఎదకు వచ్చిన 11వ రోజున రక్తం తీయించి, మనుషుల ల్యాబ్‌లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ చూపిస్తే 2.4 వచ్చింది. రిపోర్టు మీద ఉన్న రేంజ్ చూసి ‘అండం విడుదలైపోయింది’ అన్నారు. వెంటనే 11వ, 12వ రోజుల్లో క్రాసింగ్ చేయించాం. కడుపు కట్టలేదు. వచ్చేసారి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రోజెన్ హార్మోన్ల పరీక్షలు కూడా చేయించాలా?

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ మూడూ అక్కర్లేదు. ప్రొజెస్టెరాన్ ఒక్కటి చాలు, కాకపోతే ఒక్కసారి చూస్తే సరిపోదు.

రిపోర్టు మీద అచ్చయిన రేంజ్ ఆడవాళ్లది. వాళ్లలో అండం విడుదలయ్యాకే ప్రొజెస్టెరాన్ బాగా పెరుగుతుంది. కుక్కలో అండం ఇంకా లోపల ఉండగానే పెరగడం మొదలవుతుంది. మిల్లీలీటరుకు 2 నుంచి 3 నానోగ్రాములు ఉంటే ఎల్‌హెచ్ ఉప్పెన, అంటే అండాన్ని విడుదల చేయించే ఆ హార్మోన్ ఒక్కసారిగా పెరగడం, వచ్చిందని అర్థం. అండం విడుదలకు ఇంకా రెండు రోజులు పడుతుంది, అప్పటికి విలువ 5 నుంచి 8 దాకా వెళ్తుంది. పైగా కుక్క అండం పచ్చిగానే బయటికి వస్తుంది, పక్వానికి మరో రెండు మూడు రోజులు కావాలి. ఈ లెక్కన మీ కుక్కకు అసలు అదను 15వ రోజు నుంచి. వీర్యకణాలు లోపల ఐదారు రోజులు బతకగలవు కాబట్టి ముందే కలిసినా ఒక్కోసారి కడతాయి, కానీ దాన్ని నమ్ముకోకూడదు.

మనుషుల ల్యాబ్‌లో చేయించడం తప్పు కాదు. ప్రొజెస్టెరాన్ అణువు మనిషిలోనూ కుక్కలోనూ ఒకటే. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అలా కాదు. అవి జాతిని బట్టి మారే ప్రొటీన్లు, మనుషుల కిట్‌లో కుక్క రక్తం పెడితే వచ్చే అంకెకు విలువ లేదు. ఈస్ట్రోజెన్ అయితే ఎల్‌హెచ్ ఉప్పెనకు ముందే పడిపోతుంది, రోజు నిర్ణయించడానికి పనికిరాదు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది శాంపిల్ దగ్గర. జెల్ ఉన్న పసుపు మూత ట్యూబు వద్దు, జెల్ ప్రొజెస్టెరాన్‌ను పీల్చుకుని విలువ తగ్గించి చూపిస్తుంది. జెల్ లేని ఎర్రమూత ట్యూబులో 2 మి.లీ. రక్తం తీయించండి. గడ్డకట్టి సీరం వేరుచేసేదాకా ఫ్రిజ్‌లో పెట్టనివ్వకండి, దానివల్లా విలువ తగ్గుతుంది. సీరం వేరయ్యాక చల్లబరచవచ్చు. తిండి పెట్టకముందు తీస్తే కొవ్వు తేలని శుభ్రమైన సీరం దొరుకుతుంది. ప్రతిసారీ అదే ల్యాబ్, అదే మెషీన్. యూనిట్ కూడా చూడండి: మీ 2.4 నానోగ్రాములే నానోమోల్స్‌లో అయితే 7.6గా కనిపిస్తుంది. అది చూసి అండం విడుదలైందనుకుంటే మళ్లీ ఇదే కథ.

వచ్చే ఎదలో రక్తం కనిపించిన 6వ రోజున మొదటి టెస్టు, తర్వాత రెండు రోజులకొకటి చేయించండి. 2 దాటాక రోజూ అయినా చూడాల్సిందే. 5 దాటిన రోజును రాసిపెట్టుకుని, అక్కడినుంచి రెండో రోజున ఒకసారి, నాలుగో రోజున ఇంకోసారి క్రాసింగ్ చేయించండి. 5 దాటిన ఆ రోజునుంచి 63 రోజులకు, ఒక రోజు అటూఇటూగా, ఈనుతుంది. విలువ 2 దగ్గరే ఆగిపోయి మళ్లీ దిగితే అండం విడుదల కాలేదన్నమాట. అలాంటి కుక్క కొన్ని వారాల్లో మళ్లీ ఎదకు రావచ్చు. మీరు రెండో టెస్టు చేయించలేదు గనుక ఈసారి అదే జరిగిందో లేదో చెప్పలేం.

కడుపు కట్టిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం ప్రొజెస్టెరాన్ పనికిరాదు. కట్టకపోయినా అది దాదాపు రెండు నెలలు ఎక్కువగానే ఉంటుంది. మెడికల్ షాపు ప్రెగ్నెన్సీ స్ట్రిప్ అసలే వద్దు, అది వెతికే హార్మోన్ కుక్కల్లో లేదు. 28 రోజులకు స్కానింగ్ చేయించండి.

క్రాసింగ్‌కు ముందే మగకుక్క వీర్యం, రెండింటికీ బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా పరీక్ష మీ పశువైద్యుడితో చేయించండి. బ్రూసెల్లా ఉంటే తేదీ ఎంత సరిగ్గా కుదిరినా పిండం నిలవకపోవచ్చు, పైగా అది ఇంట్లోవాళ్లకూ అంటుకునే జబ్బు.