మెడికల్ ఐడీ నింపినా లాక్ స్క్రీన్‌పై కనబడట్లేదా?

షుగర్ పడిపోయి నాన్నగారు బస్టాండ్‌లో కుప్పకూలారని, ఫోన్‌లో మెడికల్ ఐడీ (ఆపదలో ఇతరులు చూడాల్సిన ఆరోగ్య వివరాలు) నింపినా ఎవరికీ కనబడలేదని, జబ్బు పేరు టాటూ వేయించవచ్చా అని అడిగారు. వివరాలున్నా కనబడలేదంటే, లాక్ స్క్రీన్‌పై చూపించే స్విచ్ ఆఫ్‌లో ఉండి ఉంటుంది. చాలామంది మర్చిపోయేది ఇదే.

1. ఐఫోన్ అయితే హెల్త్ యాప్‌లో ప్రొఫైల్ ఫొటో, మెడికల్ ఐడీ, ఎడిట్. అక్కడ ‘షో వెన్ లాక్డ్’ ఆన్ చేయండి.
2. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’. అక్కడా లాక్ స్క్రీన్‌పై చూపించే స్విచ్ ఆన్ చేయండి. మోడల్‌ని బట్టి పేర్లు కాస్త మారతాయి.
3. ఫోన్ లాక్ చేసి పక్కింటివాళ్ల చేతికివ్వండి. పాస్‌వర్డ్ చెప్పకండి. ‘ఎమర్జెన్సీ’ నొక్కి వివరాలు వాళ్లంతట వాళ్లే తెరవగలగాలి. ఇది చూసుకోనంతవరకు పని అయినట్టు కాదు.

ఛార్జింగ్ అయిపోతే ఫోన్ పనికిరాదు కాబట్టి స్టీల్ బ్రేస్‌లెట్ కూడా చేయించండి. ‘డయాబెటిస్, ఇన్సులిన్ వాడతారు’ అని, కింద మీ నంబరు. తెలుగులో ఒకవైపు, ఇంగ్లిష్‌లో ఒకవైపు.

ఇక టాటూ సంగతి. దయచేసి తొందరపడకండి. షుగర్ అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. ముందు డాక్టర్‌ని అడగండి. సరే అంటే మణికట్టు మీద వేయించండి, అంబులెన్స్ వాళ్లు నాడి చూసేది అక్కడే. పాదాలు, పిక్కలు, ఇంజెక్షన్ చేసుకునే చోట్లు వద్దు. మందుల పేర్లు రాయించకండి, మారుతుంటాయి.

చొక్కా జేబులో ఒక చీటీ పెట్టండి: ‘స్పృహలో ఉంటే చక్కెర ఇవ్వండి. లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.’